డ్రమ్ముల వెనక గొంతు

న్యూయార్క్‌లో ఫిల్మోర్ ఈస్ట్ హాలు. 1970 జనవరి 1. వేదిక మీద ఉన్నది ముగ్గురే. ముందు గిటారుతో జిమీ హెండ్రిక్స్, పక్కన బేస్ గిటారుతో బిల్లీ కాక్స్, వెనక డ్రమ్ముల మధ్య భారీ శరీరంతో 22 ఏళ్ల కుర్రాడు. పాట పేరు ‘మెషిన్ గన్’. వియత్నాం యుద్ధం సాగుతున్న రోజులవి. గిటారు తుపాకిలా పేలుతుంటే, దానికి జోడుగా స్నేర్ డ్రమ్ము మీద కర్రలు గుళ్ల వర్షం కురిపిస్తాయి. అంతలోనే ఆగి, మళ్లీ నింపాదిగా నడక అందుకుంటాయి. హెండ్రిక్స్ పాడుతుంటే వెనక నుంచి సన్నటి పైస్థాయి గొంతు ఒకటి వంత పాడుతుంది. ఏడుపుకి దగ్గరగా ఉంటుంది ఆ గొంతు. అది పాడుతున్నది ఎవరో కాదు, ఆ గుళ్ల వర్షం కురిపిస్తున్నవాడే.

అతని పేరు బడ్డీ మైల్స్.

పన్నెండు నిమిషాల పైచిలుకు సాగే ఆ పాట గురించి అర్ధశతాబ్దంగా ప్రపంచం మాట్లాడుతూనే ఉంది. మాట్లాడేదంతా గిటారు గురించే. డ్రమ్ముల ప్రస్తావన వస్తే మాత్రం పాత తీర్పే మళ్లీ వినిపిస్తుంది: ‘హెండ్రిక్స్‌కి అంతకుముందు వాయించిన మిచ్ మిచెల్ అంత చురుకు లేదు, బరువుగా కొడతాడు’ అని. బరువుగా కొట్టేవాడన్నది నిజమే. కానీ అది లోపమెలా అయింది? జాజ్ పద్ధతిలో గిటారు చుట్టూ గిరికీలు కొట్టడం మిచెల్ నేర్చిన విద్య. నేల కదలకుండా పట్టుకుని, ఆ నేల మీద నిలబడి పాడటం బడ్డీ విద్య. ఒకరి కొలబద్దతో ఇంకొకరిని కొలిచి పొట్టివాడని తేల్చేశారు.

అతని అసలు పేరు జార్జ్ అలెన్ మైల్స్ జూనియర్. 1947 సెప్టెంబర్ 5న అమెరికా నడిబొడ్డున, నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో పుట్టాడు. తండ్రి జార్జ్ మైల్స్ సీనియర్ నిలువెత్తు బేస్ వాయించే జాజ్ కళాకారుడు. డ్యూక్ ఎలింగ్టన్, కౌంట్ బేసీ, చార్లీ పార్కర్ వంటి మహామహుల పక్కన వాయించినవాడు. జాజ్ డ్రమ్ముల చక్రవర్తి బడ్డీ రిచ్ పేరు మీదుగా ఇంట్లోవాళ్లు పిల్లాడిని ‘బడ్డీ’ అని పిలిచేవారు. పిల్లలకు గొప్పవాళ్ల పేర్లు పెట్టుకోవడం ఎక్కడైనా ఉన్నదే, ఆ పేరు నిలబెట్టే పిల్లలే అరుదు. ఈ పిల్లాడు పన్నెండేళ్లకే తండ్రి బృందం ‘బెబాప్స్’లో కర్రలు పట్టాడు. ఇంకా ఇరవై నిండకముందే ఊరూరా తిరిగే సోల్ బృందాల వెనక జీతానికి వాయించాడు. వాటిలో రూబీ అండ్ ద రొమాంటిక్స్ ఉంది, గాయకుడు విల్సన్ పికెట్ బృందం కూడా ఉంది.

ఆ పికెట్ కొలువే అతనికి బడి. సోల్ పాటలో డ్రమ్మర్ పని నాలుగు దెబ్బల్లో రెండోదాన్నీ నాలుగోదాన్నీ గట్టిగా నిలబెట్టడం. పాడేవాడు కేకేసినా, మోకాళ్ల మీద పడినా, పాటను మరో పది నిమిషాలు సాగదీసినా ఆ రెండు దెబ్బలూ రావలసినచోటే రావాలి. పెళ్లిలో డోలు విద్వాంసుడి కళ్లెప్పుడూ తాళి కట్టే చేతుల మీదే ఉన్నట్టు, సోల్ డ్రమ్మర్ చెవులెప్పుడూ గాయకుడి ఊపిరి మీదే ఉంటాయి. బడ్డీ ఆ గాయకుడి పని కూడా తనే నెత్తికెత్తుకున్నాడు.

వాయిస్తూ పాడటం వినడానికి తేలికగానే ఉంటుంది. మన బుర్రకథలో పక్కన వంతలు గుమ్మెట వాయిస్తూ పాడటం చూసినవాళ్లకు అందులో ఇబ్బందేమిటో కొంత తెలుస్తుంది. డ్రమ్ముల దగ్గర ఆ ఇబ్బంది రెట్టింపు. రెండు చేతులు, రెండు కాళ్లు తలో పని చేస్తుంటాయి. మైకు స్టాండు పక్కనుంచి నోటి దగ్గరికి వంగి ఉంటుంది. తల దాన్ని వదిలి కదలకూడదు, భుజాలు మాత్రం ఆడుతూనే ఉండాలి. గట్టి దెబ్బ కొట్టిన ప్రతిసారీ పొట్ట బిగుసుకుంటుంది, పాడటానికి కావలసిన గాలిని బయటికి తోసేదీ ఆ పొట్టే. అందుకే వాయిస్తూ పాడేవాళ్లలో చాలామంది పాట దగ్గర దెబ్బలు తగ్గిస్తారు, దెబ్బల దగ్గర పాట ఆపేస్తారు. బడ్డీ రెండూ తగ్గించేవాడు కాదు. చర్చి పాటల్లో వినిపించే తరహాలో గొంతు పైకి లాగి, అక్కడే పట్టి ఉంచి, కింద కాలితో బేస్ డ్రమ్మును నడిపించేవాడు.

1967 వసంతంలో న్యూయార్క్‌లో పికెట్ వెనక వాయిస్తుండగా మైక్ బ్లూమ్‌ఫీల్డ్ కళ్లలో పడ్డాడు. బాబ్ డిలాన్ ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’లో గిటారు వాయించిన బ్లూమ్‌ఫీల్డ్ అప్పుడు కొత్త బృందం కడుతున్నాడు. బ్లూస్, సోల్, రాక్, ఇత్తడి బాకాలు అన్నీ కలిపి ‘అమెరికన్ సంగీతం’ వాయించాలని అతని పట్టుదల. ఆ బృందమే ఎలక్ట్రిక్ ఫ్లాగ్. అదే జూన్‌లో మాంటెరీ పాప్ ఫెస్టివల్‌తో అది లోకానికి పరిచయమైంది. మరుసటి ఏడాది ‘ఎ లాంగ్ టైమ్ కమిన్’ ఆల్బమ్ వచ్చింది. బ్లూమ్‌ఫీల్డ్ అలసిపోయి తప్పుకుంటే, రెండో ఆల్బమ్ నాటికి బృందాన్ని మోసింది డ్రమ్ముల మీద ఉన్నవాడే. అదీ నిలవలేదు. 1968లోనే బడ్డీ మైల్స్ ఎక్స్‌ప్రెస్ పేరుతో సొంత దుకాణం తెరిచాడు. తొలి రికార్డు అట్ట మీది పరిచయ వాక్యాలు రాసింది జిమీ హెండ్రిక్స్. తర్వాతి రికార్డు ‘ఎలక్ట్రిక్ చర్చ్’లో కొన్ని పాటలకు నిర్మాత కూడా ఆయనే.

ఆ స్నేహం ముందే ఉంది. 1968లో వచ్చిన హెండ్రిక్స్ ఆల్బమ్ ‘ఎలక్ట్రిక్ లేడీలాండ్’లో ‘రెయినీ డే, డ్రీమ్ అవే’, దాని కొనసాగింపు ‘స్టిల్ రెయినింగ్, స్టిల్ డ్రీమింగ్’ పాటలకు డ్రమ్ములు బడ్డీవి. ఆ పెద్ద ఆల్బమ్‌లో తీరుబడిగా, ఊయల ఊగినట్టు సాగే పాటలు ఆ రెండే. ఊగిస్తున్నది ఎవరో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

ఇక బ్యాండ్ ఆఫ్ జిప్సీస్. చరిత్రలో నిలిచిన ఈ బృందానికి మూలం, నమ్మినా నమ్మకపోయినా, ఒక డాలరు. 1965లో, పేరు లేని రోజుల్లో, హెండ్రిక్స్ ఎడ్ చాల్పిన్ అనే నిర్మాతతో ఒక డాలరు తీసుకుని ఒప్పందం మీద సంతకం చేశాడు. పేరొచ్చాక ఆ కాగితం కోర్టుకెక్కింది. రాజీలో భాగంగా చాల్పిన్‌కి, క్యాపిటల్ కంపెనీకి ఒక ఆల్బమ్ బాకీ పడ్డాడు. సైన్యంలో ఉన్నప్పటి మిత్రుడు బిల్లీ కాక్స్‌నీ, బడ్డీనీ తోడు తీసుకుని 1969 డిసెంబర్ 31న, 1970 జనవరి 1న రోజుకు రెండు చొప్పున నాలుగు ప్రదర్శనలు ఇచ్చాడు. అప్పు తీర్చడానికి చేసిన పని! అందులోంచి ఏరిన ఆరు పాటల ఆల్బమ్ ఆ మార్చిలో విడుదలైంది. ఆరింటిలో రెండు, ‘చేంజెస్’, ‘వి గాటా లివ్ టుగెదర్’, బడ్డీ రాసి పాడినవే. ముగ్గురూ నల్లజాతీయులైన రాక్ త్రయం పెద్ద వేదిక మీద నిలబడటం ఆనాటికి మామూలు విషయం కాదు. రాక్‌ని తెల్లకుర్రాళ్ల సొత్తుగా, సోల్‌ని నల్లవాళ్ల సొత్తుగా రేడియోలు విడివిడి అరల్లో పెట్టి అమ్ముతున్న కాలమది.

ఒక మాట ఒప్పుకోవాలి. బడ్డీకి ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. ప్రేక్షకుల చేత చప్పట్లు కొట్టించి, వాళ్లతో పాడించి, మాటల్లేని కూనిరాగాలతో పాటను లాగుతూ పోయేవాడు. ఆ టేపులు వింటూ కూర్చున్న హెండ్రిక్స్, ఇంజినీర్ ఎడ్డీ క్రేమర్‌తో కలిసి వాటిలో బోలెడంత కోసేశాడు. హాలులో ఉన్నవాళ్లకు ఆ సాగదీత పండగ, ఇంట్లో రికార్డు వినేవాళ్లకు కొంత భారం. హెండ్రిక్స్ కత్తెర తప్పని చెప్పలేం. అయితే కత్తెర పడింది ఎక్కువగా బడ్డీ గొంతు మీదే. అందుకే రికార్డు మాత్రమే విన్న తరాలకు ఆ రాత్రి హాలులో అతను ఎంత జాగా ఆక్రమించాడో తెలియలేదు.

బృందం నెల తిరక్కుండానే ముగిసింది. జనవరి 28న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో శాంతి కోసం జరిగిన కచేరీలో రెండు పాటలకే హెండ్రిక్స్ ఆగిపోయి వేదిక దిగేశాడు. మేనేజర్ మైఖేల్ జెఫ్రీ బడ్డీని ఉద్యోగంలోంచి తీసేశాడు. అదే ఏడాది సెప్టెంబర్ 18న హెండ్రిక్స్ మరణించాడు.

ఉద్యోగం పోయిన డ్రమ్మర్ ఏం చేశాడన్నది ఈ కథలో అసలు ఘట్టం. ఫిల్మోర్‌లో పాడిన తన పాట ‘చేంజెస్’నే తీసుకుని, బాకాలతో సహా స్టూడియోలో మళ్లీ కట్టాడు. ‘దెమ్ చేంజెస్’ పేరుతో 1970లో ఆల్బమ్ వచ్చింది. అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో అది 74 వారాలు ఉంది. దాదాపు ఏడాదిన్నర.

ఆ పాటను దగ్గరగా వింటే బడ్డీ మర్మం తెలుస్తుంది. బేస్, గిటారు కలిసి ఒకే వరసను మళ్లీ మళ్లీ వాయిస్తాయి, మెట్లు ఎక్కి దిగినట్టు. డ్రమ్ములు దాని వెంట పరిగెత్తవు. వరస ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో సరిగ్గా అక్కడ స్నేర్ మీద దెబ్బ పడుతుంది, మేకు దిగ్గొట్టినట్టు. గొంతు మాత్రం తాళానికి కొంచెం వెనకబడి వస్తుంది. తొందరేముందన్నట్టు. కష్టాల్లో ఉన్న మనిషి పాట కదా, అతని కాళ్లు నడుస్తూనే ఉంటాయి, మనసు వెనకే ఉండిపోతుంది. ఆ దెబ్బా ఈ గొంతూ ఒకే ఒంట్లోంచి వస్తున్నాయని గుర్తొచ్చినప్పుడు ఆశ్చర్యమేస్తుంది. ఇద్దరు మనుషులు చేసి ఉంటే ఆ ఎడం అంత కచ్చితంగా కుదిరేది కాదు. అదే ఆల్బమ్‌లో నీల్ యంగ్ ‘డౌన్ బై ద రివర్’నీ, ఆల్‌మన్ బ్రదర్స్ పాట ‘డ్రీమ్స్’నీ తెచ్చి సోల్ నీళ్లలో ముంచి తీశాడు. ఒక వాద్య గీతానికి పేరులోనే తన ఊరు పెట్టుకున్నాడు: ‘పాల్ బి. అలెన్, ఒమాహా, నెబ్రాస్కా’.

1972 జనవరి 1న, ఫిల్మోర్ రాత్రికి సరిగ్గా రెండేళ్లకు, హవాయిలోని డైమండ్ హెడ్ అగ్నిపర్వత బిలంలో గిటారిస్టు కార్లోస్ శాంటానాతో కలిసి పాడి వాయించాడు. ఆ కచేరీ కూడా ఆల్బమ్‌గా వచ్చింది. 1970లోనే వచ్చిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ‘డివోషన్’లో డ్రమ్ములు కూడా అతనివే. ఆ మెక్‌లాఫ్లినే తర్వాతి కాలంలో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒమాహా నుంచి పాలకొల్లుకి దారి మధ్యలో ఒక్క గిటారు దూరమే.

ఆ తర్వాత కథ కిందికి దిగింది. 1970ల చివర దొంగతనం కేసుల్లో శిక్ష పడి, కాలిఫోర్నియా జైళ్లలో గడిపాడు. అక్కడ కూడా ఖైదీలతో బ్యాండ్ కట్టి వాయించాడు. బయటికొచ్చాక అదృష్టం విచిత్రమైన వేషంలో తలుపు తట్టింది. కాలిఫోర్నియా ఎండుద్రాక్ష రైతుల కోసం 1986లో ఒక టీవీ ప్రకటన తయారైంది. మట్టిబొమ్మల ఎండుద్రాక్షలు వరసగా నిలబడి, మార్విన్ గే పాడి ప్రసిద్ధం చేసిన ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’కి నాట్యమాడతాయి. పాట పేరులో ద్రాక్షతీగ ఉంది కాబట్టి ఆ ఎంపిక. ద్రాక్షల నాయకుడి గొంతు బడ్డీ మైల్స్‌ది. అమెరికా పిల్లలు ఆ బొమ్మలు కొనుక్కుని ఆడుకున్నారు. మెషిన్ గన్‌కి వంత పాడిన గొంతును లక్షలాది ఇళ్లు కిస్‌మిస్ గొంతుగా గుర్తుపట్టాయి. నవ్వాలో బాధపడాలో తెలియని సంగతి. కానీ ఆ ప్రకటన విన్నవాళ్లెవరూ గొంతు తగ్గిందని మాత్రం అనలేరు. మరుసటి ఏడాదే శాంటానా తన ‘ఫ్రీడమ్’ ఆల్బమ్‌కి అతన్ని గాయకుడిగా పిలిచాడు.

వాయిస్తూ పాడినవాళ్లలో లోకం కొందరిని గుర్తుపెట్టుకుంది. ద బ్యాండ్‌లో లెవాన్ హెల్మ్, ఈగల్స్‌లో డాన్ హెన్లీ, కార్పెంటర్స్‌లో కేరన్, తర్వాత ఫిల్ కాలిన్స్. వీళ్లకు తమ పేరో తమ బృందం పేరో అండగా నిలిచింది. బడ్డీ గొప్ప రాత్రులు మాత్రం బ్లూమ్‌ఫీల్డ్, హెండ్రిక్స్, శాంటానాల ఖాతాల్లో జమయ్యాయి. ఇలా మరుగునపడ్డవాళ్లు ఇంకా ఉన్నారు. మోటౌన్ రికార్డు కంపెనీ వారి రేర్ ఎర్త్ బృందంలో ‘గెట్ రెడీ’ని ఇరవై నిమిషాలు దాటించిన పీటర్ రివేరా కూడా డ్రమ్ముల వెనక నుంచే పాడాడు. అతని పేరు ఎంతమందికి తెలుసు?

బడ్డీ 2008 ఫిబ్రవరి 26న టెక్సస్‌లోని ఆస్టిన్‌లో గుండెజబ్బుతో కన్నుమూశాడు. అప్పటికి 60 ఏళ్లు.

పదకొండేళ్లకు, 2019లో, ఫిల్మోర్ ఈస్ట్ నాలుగు ప్రదర్శనలూ ‘సాంగ్స్ ఫర్ గ్రూవీ చిల్డ్రన్’ పేరుతో అయిదు సీడీల పెట్టెగా వచ్చాయి. 43 ట్రాకులు. హెండ్రిక్స్ కత్తెరకు బలైన బడ్డీ పాటలు చాలావరకు అందులో ఉన్నాయి. తీరిక చూసుకుని జనవరి 1 నాటి ‘మెషిన్ గన్’ పెట్టుకోండి. మొదటిసారి గిటారే వినండి, ఎలాగూ అది మిమ్మల్ని వదలదు. రెండోసారి గిటారుని పక్కనపెట్టి, వెనక నుంచి వచ్చే ఆ పైస్థాయి గొంతునీ, దాని కింద పడుతున్న దెబ్బనీ పట్టుకోండి.