ఫోన్ మోగితే పరుగే ఉద్యోగం!

వేసవి వచ్చిందంటే పల్నాడులోని కారంపూడి చుట్టుపక్కల రైతుకు ఒక కన్ను కల్లంలోని మిరపకాయల మీద, మరో కన్ను గడ్డివాము మీద ఉంటుంది. నిప్పురవ్వ పడితే ఏడాది కష్టం బూడిదే. వానాకాలంలో పొలం గట్ల మీద పాముల భయం. పట్నంలోలాగా పెద్దాసుపత్రి పక్క వీధిలోనే ఉండదు. అందుకే 101కో, 108కో ఫోన్ చేస్తే వచ్చేవాళ్ల పనితనం మీదే ఇక్కడ ప్రాణం, పంట ఆధారపడతాయి. మరి, ఆ ఉద్యోగాల్లో చేరాలంటే..?

నిప్పుతో పోరు

మంట బతకాలంటే కాలే సరుకు, వేడి, గాలి... మూడూ కావాలి. ఒక్కటి తప్పించినా ఆరిపోతుంది. ఏది తప్పించాలో క్షణాల్లో తేల్చుకోవడమే ఫైర్‌మన్ విద్య. గడ్డివాముకు నీళ్లు, నూనె మంటకు నురగ, కరెంటు ఉన్నచోట పొడి వాడాలి. వరదల్లో చిక్కుకున్నవారిని ఒడ్డుకు చేర్చడమూ ఈ శాఖ పనే.

ఫైర్‌మన్ పోస్టులను పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది. 2018 నాటి ప్రకటనలో ఇంటర్ అర్హత. రాతపరీక్షతోపాటు దేహదారుఢ్య పరీక్షలూ ఉంటాయి. ఇంకా పైకి వెళ్లాలనుకుంటే నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాలలో ఫైర్ ఇంజినీరింగ్ చదవొచ్చు. అమ్మాయిలకు ఇదేం పని అనుకోనక్కర్లేదు. 2002లో అక్కడ చేరిన హర్షిణి కన్హేకర్ దేశంలో తొలి మహిళా ఫైర్‌ఫైటర్‌గా పేరు తెచ్చుకున్నారు.

అయితే ఇది ప్రాణాలతో చెలగాటం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి, మంటలార్పుతున్న సిబ్బంది ఎందరో అసువులు బాశారు. ఏటా అదే రోజున అగ్నిమాపక వారోత్సవాలు మొదలయ్యేది వారి స్మృతిలోనే.

కుయ్ కుయ్ మంటూ...

108 సేవలు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలయ్యాయి. బండిలో ఇద్దరుంటారు. నడిపేది పైలట్, వైద్యం చూసేది ఈఎంటీ. గుండె ఆగినవారి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. పాము కరిచినచోట కోయకూడదు, తాడు బిగించకూడదు. కదలనివ్వకుండా విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పురుగుమందు తాగినవారికి బలవంతంగా వాంతి చేయించకూడదు. ఒక్కోసారి దారిలోనే కాన్పు చేయాలి. ఇవన్నీ ఈఎంటీకి కొట్టినపిండి కావాలి.

లైఫ్ సైన్సెస్ డిగ్రీ, ఫార్మసీ, నర్సింగ్ వంటివి చదివినవారికి శిక్షణ ఇచ్చి తీసుకుంటారు. బైపీసీ చదివినవారికి బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ ఉంది. ఈ వృత్తికి 2021 నాటి కేంద్ర చట్టంలో చోటు దక్కింది.

చేరేముందు ఒక తేడా తెలుసుకోవాలి. ఫైర్‌మన్‌ది సర్కారు కొలువు. 108 సిబ్బంది మాత్రం ఆ సేవలు నడిపే సంస్థ ఉద్యోగులు. జీతం, భద్రత దాన్నిబట్టే ఉంటాయి. రాత్రి షిఫ్టులు ఇద్దరికీ తప్పవు. కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలకు ఊరంతా కదిలినా వీళ్లు మాత్రం డ్యూటీలోనే. అందుకు ఇంట్లోవాళ్లూ సిద్ధపడాలి. ఆ మాట ముందే మాట్లాడుకుని అడుగేస్తే, సొంత గడ్డకు ఇంతగా అక్కరకొచ్చే ఉద్యోగాలు అరుదు.