ఎర్వే మోరిన్: ఒక మధ్యేవాది, ఒక చట్టం

ఫ్రాన్స్‌లో అధ్యక్ష ఎన్నిక రెండు విడతల్లో జరుగుతుంది. మొదటి విడతలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే, ముందు వరుసలో నిలిచిన ఇద్దరు రెండు వారాల తర్వాత మళ్లీ తలపడతారు. చాలాకాలం పాటు ఆ ఇద్దరూ ఒకరు కుడిపక్షం, ఒకరు వామపక్షం అన్నట్టే సాగింది. మధ్యేవాదులకు అసలు కష్టం ఆ రెండు వారాల్లోనే. తమ అభ్యర్థి ఓడిపోయాడు, ఓట్లు మాత్రం చేతిలో ఉన్నాయి. ఎటు వెళ్లాలి?

2007 ఏప్రిల్‌లో ఈ ప్రశ్న ఎర్వే మోరిన్ ముందుకొచ్చింది. ఆయన పార్టీ యూడీఎఫ్‌ను 1978లో అధ్యక్షుడు జిస్కార్ దెస్తాంగ్‌కు మద్దతుగా ఏర్పాటు చేశారు. ఆ పార్టీ అభ్యర్థి ఫ్రాన్స్వా బైరూ 18.57 శాతం ఓట్లతో మూడో స్థానంలో నిలిచారు. కుడిపక్షానికి చెందిన నికోలా సర్కోజీకి ఓటు వెయ్యనని బైరూ తేల్చిచెప్పేశారు. ఆ పార్టీ ఎంపీల్లో చాలామంది మాత్రం సర్కోజీ వైపు నడిచారు. వాళ్లను నడిపించింది, పార్లమెంటులో యూడీఎఫ్ పక్షనేతగా ఉన్న మోరినే. బైరూ వెంటనే ‘మోడెమ్’ పేరుతో కొత్త పార్టీ పెట్టారు. మోరిన్ ‘నూవో సాంత్ర్’, అంటే కొత్త మధ్యేపక్షం, స్థాపించారు. మే నెలలో రక్షణ మంత్రి అయ్యారు.

ద్రోహమన్నవాళ్లు ఉన్నారు. నాకు అలా అనిపించదు. నియోజకవర్గానికి ఒక్కరే గెలిచే పద్ధతిలో, ఏదో ఒక పెద్ద పక్షంతో పొత్తు లేకుండా మధ్యేపార్టీ ఎంపీలను నిలుపుకోవడం దాదాపు అసాధ్యం. ఆ జూన్‌లో జరిగిన పార్లమెంటు ఎన్నికలే దానికి సాక్ష్యం. నూవో సాంత్ర్‌కు ఇరవై పైచిలుకు స్థానాలు దక్కాయి, బైరూ పార్టీకి వేళ్ల మీద లెక్కించదగినన్ని. అయితే ఆ దారికి మూల్యం లేకపోలేదు. పెద్దపక్షం నీడలో చేరినవాడు తనదంటూ ఒక గొంతు నిలుపుకోవడం కష్టం.

మోరిన్ 1961లో నార్మండీలోని యూర్ జిల్లా, పాంతోదెమేర్ ఊళ్లో పుట్టారు. అదే జిల్లాలోని ఎపేన్ అనే చిన్న ఊరికి చాలా ఏళ్లు మేయరుగా ఉన్నారు. 1998లో ఎంపీ అయ్యారు. అంతకు ముందే, 1993–95 మధ్య, మధ్యేపక్షానికే చెందిన రక్షణ మంత్రి ఫ్రాన్స్వా లెయోతార్ కార్యాలయంలో పనిచేశారు. కాబట్టి ఆ శాఖ ఆయనకు కొత్తది కాదు.

మంత్రిగా ఆయనకు దక్కింది చేదు పని. 2008 నాటి రక్షణ శ్వేతపత్రం ప్రకారం సైన్యంలోనూ పౌర సిబ్బందిలోనూ కలిపి 54,000 ఉద్యోగాలు తగ్గించాలి. ఎనభైకి పైగా సైనిక విభాగాలను, స్థావరాలను మూసేయాలి. మెస్ లాంటి దండు నగరాలకు ఇది పెద్ద దెబ్బ. ఆ ఆగస్టు 18న అఫ్గానిస్తాన్‌లోని ఉజ్బిన్ లోయలో జరిగిన మెరుపుదాడిలో పదిమంది ఫ్రెంచి సైనికులు చనిపోయారు. దేశం అట్టుడికింది. మరుసటి ఏడాది, 1966లో జనరల్ డిగాల్ వదిలి వచ్చిన నాటో ఉమ్మడి సైనిక కమాండ్‌లోకి ఫ్రాన్స్ తిరిగి చేరింది. ఈ పెద్ద నిర్ణయాలన్నీ అధ్యక్ష భవనంలోనే జరిగాయి. ఫ్రాన్స్‌లో రక్షణ, విదేశాంగం అధ్యక్షుడి సొంత పరిధి అన్న సంప్రదాయం బలమైనది. మంత్రికి వాటిని అమలుచేసి, సమర్థించడమే మిగిలింది.

కానీ ఒక్కచోట మోరిన్ పేరు చెరగకుండా నిలిచింది. 2010 జనవరి 5న వచ్చిన అణు పరీక్షల బాధితుల పరిహార చట్టాన్ని ఫ్రాన్స్‌లో అందరూ ‘మోరిన్ చట్టం’ అనే అంటారు.

1960 నుంచి 1996 దాకా ఫ్రాన్స్ 210 అణు పరీక్షలు చేసింది. మొదటి 17 అల్జీరియా సహారాలో, మిగతా 193 పసిఫిక్‌లోని ఫ్రెంచి పాలినీషియాలో, మురురోవా, ఫంగతౌఫా దీవుల్లో. 1962 మే 1న సహారాలోని ఇన్ ఎకెర్ దగ్గర భూగర్భంలో చేసిన పరీక్ష అదుపు తప్పి, కొండలోంచి రేడియోధార్మిక మేఘం బయటికొచ్చింది. అప్పటి రక్షణ మంత్రి పియెర్ మెస్మేర్ అక్కడే ఉన్నారు. అయినా దశాబ్దాల తరబడి ప్రభుత్వం చెప్పింది ఒకటే మాట: పరీక్షలు శుభ్రంగా జరిగాయి. ఆ పరీక్షల్లో పాల్గొన్నవారు లక్షన్నర మంది దాకా ఉంటారని అంచనా. యువకులుగా వెళ్లొచ్చి, నడివయసులో కాన్సర్ల పాలైన సైనికులు, దీవుల్లోని కూలీలు కోర్టుల చుట్టూ తిరిగారు. నలభై ఏళ్ల కిందటి ధూళే తన రక్తకాన్సర్‌కు కారణమని ఒక మనిషి ఎలా రుజువు చేయగలడు?

మోరిన్ చట్టం ఆ రుజువు భారాన్నే తలకిందులు చేసింది. ఫలానా ప్రాంతంలో, ఫలానా కాలంలో ఉన్నట్టూ, జాబితాలోని రోగాల్లో ఒకటి వచ్చినట్టూ చూపిస్తే చాలు, అణు పరీక్షలే కారణమని ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఒక రాజ్యం తన పౌరులకు తానే హాని చేశానని చట్టంలో రాసుకోవడం చిన్న విషయం కాదు. దానికి మోరిన్‌కు నిండు గౌరవం దక్కాలి.

అదే చట్టంలో ఒక వాక్యం మాత్రం ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కుంది. పరీక్షల వల్ల కలిగిన ముప్పు ‘అత్యల్పం’ అని తేలితే పరిహారం ఇవ్వనక్కర్లేదట. తొలి ఏళ్లలో నూటికి తొంభై ఐదుకు పైగా దరఖాస్తులను తిరస్కరించింది ఆ వాక్యం ఆధారంగానే. మోరిన్ 2010 నవంబరులో మంత్రి పదవి వదిలారు. 2012లో అధ్యక్ష పదవికి పోటీకి దిగి, మొదటి విడత రాకముందే తప్పుకుని సర్కోజీకే మద్దతిచ్చారు. ఎగువ, దిగువ నార్మండీలు ఒక్కటైన కొత్త నార్మండీ ప్రాంతానికి 2016లో అధ్యక్షుడై, 2021లో మళ్లీ గెలిచారు. ఆయన పెట్టిన చట్టంపై పోరాటం ఈ ఏళ్లంతా సాగుతూనే ఉంది.

2017లో పార్లమెంటు ఆ వాక్యాన్ని తీసేసింది. మరుసటి ఏడాది చివర్లో బడ్జెట్ చట్టం ద్వారా మరో గీత గీసింది. ఏడాదికి ఒక మిల్లీసీవర్ట్ కన్నా తక్కువ రేడియేషన్ సోకినట్టు ప్రభుత్వ కమిటీ నిరూపిస్తే పరిహారం లేదు. మంజూరయ్యే దరఖాస్తులు మునుపటికన్నా బాగా పెరిగిన మాట నిజమే. కానీ అరవైల్లో, ఒక మారుమూల దీవిలో, ఒక పిల్లకు సోకిన రేడియేషన్‌ను ఎవరు కొలిచారు? కొలతలు లేనిచోట లెక్కలు అంచనాల మీదే నడుస్తాయి, ఆ అంచనాలు వేసింది కూడా పరీక్షలు చేసిన రాజ్యమే. అందుకే పాలినీషియా బాధితుల సంఘాలు ఆ మిల్లీసీవర్ట్ గీతను పూర్తిగా చెరిపేయమని అడుగుతున్నాయి.