కలరా కణాన్ని చంపదు

తీవ్రమైన కలరాలో ఒంట్లోంచి గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. వైద్యం అందకపోతే కొద్ది గంటల్లోనే ప్రాణం మీదికొస్తుంది. ఇంత ఉత్పాతం తెచ్చే క్రిమి పేగు లోపలి పొరను చీల్చి పారేస్తుందనే వైద్యులు చాలాకాలం నమ్మారు. 1960 ప్రాంతంలో బ్యాంకాక్ రోగుల పేగుల నుంచి తీసిన చిన్న ముక్కలను మైక్రోస్కోపు కింద చూస్తే పొర చెక్కుచెదరలేదు. కలరా క్రిమి కణాన్ని చంపదు, దాని లోపలికి దూరదు. పేగు గోడకు అంటుకుని ఒక విషాన్ని వదులుతుంది. మిగిలినదంతా మన కణమే చేస్తుంది. అందుకే క్రిమిని ఎలా చంపాలన్న ప్రశ్నకు ఇచ్చినంత విలువ, అది కణం లోపలి ఏ సంకేతాన్ని మార్చిందన్న ప్రశ్నకూ ఇవ్వాలంటాను.

ఆ విషం ఉందని రుజువు చేసింది కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ డే. కుందేలు చిన్నపేగును రెండుచోట్ల దారంతో బిగించి, మధ్య భాగంలోకి కలరా క్రిములు పెరిగిన ద్రవాన్ని, క్రిములన్నిటినీ వడకట్టి తీసేశాక, ఎక్కించాడు. ఒక్క క్రిమి లేకున్నా పేగు నీటితో ఉబ్బిపోయింది. 1959లో ‘నేచర్’ ఈ ఫలితాన్ని అచ్చువేసింది. ఆ విషం కణంలో చేసే పని తర్వాతి రెండు దశాబ్దాల్లో తేలింది. మామూలుగా ఏదైనా హార్మోను వచ్చి తాకినప్పుడు కణం లోపలి జీ ప్రొటీన్ మేల్కొంటుంది, సైక్లిక్ ఏఎంపీ అనే వార్తాహర అణువును తయారు చేయిస్తుంది, కాసేపటికి తనంతట తానే ఆగిపోతుంది. కలరా విషం ఆ ప్రొటీన్‌కు ఒక చిన్న రసాయన తునకను అతికించి, ఆగే శక్తిని తీసేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ పెరుగుతూనే ఉంటుంది, క్లోరైడ్ ద్వారాలు తెరుచుకునే ఉంటాయి. క్లోరైడ్ వెంట సోడియం, వాటి వెంట నీరు పేగులోకి పోటెత్తుతాయి. జీ ప్రొటీన్ల పరిశోధనకు 1994లో నోబెల్ వచ్చింది. నోబెల్ గ్రహీత లెడర్‌బర్గ్ అంతటివాడు పేరు ప్రతిపాదించినా డేకు మాత్రం రాలేదు. అది అన్యాయమే.

యాంటీబయాటిక్‌తో క్రిమిని చంపేస్తే చాలదా, ఈ గొడవంతా ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మందు వల్ల విరేచనాలు తగ్గుతాయి, రోగం త్వరగా వదులుతుంది, నిజమే. కానీ ఇప్పటికే మార్పు జరిగిపోయిన ప్రొటీన్‌ను ఆ మందు బాగుచేయలేదు. అది పనిచేసేలోగా రోగి నీరు లేక చనిపోవచ్చు. ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిల్వలు అడుగంటినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా కలిపిన నీరు తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. అప్పటికి జీ ప్రొటీన్ సంగతి ఎవరికీ తెలియదు కదా? తెలియదు, ఒప్పుకోవాలి. అయితే ఆ నీళ్ళ వెనుక కణవిజ్ఞానం లేకపోలేదు. గ్లూకోజ్, సోడియం కలిసే పేగు కణంలోకి వెళతాయని 1960లోనే రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. కలరా విషం ఆ జంట దారిని మూయలేదు. క్రిమి దేన్ని చెడగొట్టిందన్నదానితో పాటు, దేన్ని చెడగొట్టలేదన్నదీ తెలియడం వల్లే ఆ వైద్యం నిలబడింది.

ఈ జ్ఞానం ఇళ్ళదాకా చేరకపోతే జరిగే నష్టం చిన్నది కాదు. గ్లూకోజ్, ఉప్పు కలిపిన ఆ నీరు, అంటే ఓఆర్‌ఎస్, తాగించినా విరేచనాలు ఆగకపోతే, ఇది పనిచేయడం లేదని తల్లిదండ్రులు మానేస్తారు. నిజానికి ఓఆర్‌ఎస్ పోయే నీటిని ఆపదు, పోయినదాన్ని భర్తీ చేస్తుంది. విషం తగిలిన కణాలు రాలిపోయి, వాటి స్థానంలో కొత్తవి రావడానికి కొద్ది రోజులు పడుతుంది. అందాకా తాగించడం ఆపకూడదు. నీరు మరీ ఎక్కువగా పోయి మనిషి స్పృహ తప్పుతున్నా, తాగలేకపోతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చి సెలైన్ ఎక్కించాలి.