చెరువును కాచువారెవరు?

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు కట్టించి, క్రీ. శ. 1369లో సంస్కృత శాసనము వేయించెను. వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు నిత్యము పనిచేయగా రెండేండ్లకు ఆ చెరువు పూర్తియైనదట.

ఆ శాసనమున కీర్తి ప్రశంసయే కాక శాస్త్రమును గలదు. మంచి చెరువునకు లక్షణములు పన్నెండు: ధర్మపరుడగు ప్రభువు, జలశాస్త్రమెరిగిన విద్వాంసుడు, గట్టి మన్ను గల నేల, తియ్యని నీటి యేరు, కొండల నడుమ పొడవు మితముగనున్న దృఢమైన రాతికట్ట మున్నగునవి. దోషములు ఆరు: కట్ట ఊరుట, చౌటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, నడుమ మెరక యుండుట, నీరు కొంచెమై ఆయకట్టు హెచ్చగుట, నీరు హెచ్చై నేల చాలకుండుట. పొలిమేరను గూడ దోషముగా నెంచుట గమనింపదగినది. ఇరువురిదైన చెరువు తగవుల పాలగునని పూర్వులు తలచిరి కాబోలు.

కట్టిన చెరువును నిలుపుట వేరొక విద్య. రాయలసీమలో చెరువు మరమ్మతు చూచువారికి దశబంధ మాన్యములుండెడివి. తెలంగాణమున నీరటికాడు తూము తెరచి మడిమడికి నీరు పంచెడివాడు. వేసవిలో రైతులు చెరువు మన్ను బండ్లకెత్తి చేలకు తోలుకొనెడివారు. వానకు చేలనుండి కొట్టుకొనివచ్చిన సారము మరల చేలకే చేరెడిది. చెరువునకు లోతు, చేనికి బలము!

కాలక్రమమున ఆ యేర్పాటులు సడలినవి. బోరుబావులు పెరిగినవి, చెరువులు పూడినవి, శిఖము భూములు పెక్కు చోట్ల ఆక్రమణల పాలైనవి. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర 46 వేలకు పైబడిన చెరువులను బాగుచేయ సంకల్పించి పనులారంభించినది. తీసిన పూడికమన్నును రైతులు చేలకు తోలుకొనిరి. ఇసుకపాలు హెచ్చుగానున్న నేలలలో ఆ మన్ను తేమను నిలుపును. క్రొత్త పథకమునకును పాత యాచారమే ఊతయైనది.

అయితే యంత్రము పూడిక తీయగలదు గాని యేటేట తూము చూడజాలదు. గొలుసుకట్టు చెరువులలో పై చెరువు అలుగుపారిన నీరే క్రింది చెరువును నింపును. నడిమి కాలువ పూడినచో క్రింది చెరువునెంత త్రవ్వినను ఫలము లేదు. కాలువను కాచువాడు లేనిచో ఖర్చంతయు బూడిదలో పోసిన పన్నీరే.

విద్యార్థులు తమ యూరి చెరువుకట్టపై ఒకనాడు నడచి, ఆ పన్నెండు లక్షణములలో నెన్ని గలవో, ఆరు దోషములలో నెన్ని చేరినవో లెక్కించిన మంచి పాఠమగును. శాసనము కడపట చెప్పిన లక్షణము పనితనమెరిగిన జనము. రాయియు మన్నును నేటికిని గలవు. ఆ జనమును తీర్చిదిద్దు భారము మాత్రము పాఠశాలలదే.