చలిజ్వరం దాగుడుమూతలు



మా సోమశిల దగ్గర పెన్నా నది వెలికొండల నడుమనుంచి బయటికి వస్తుంది. అక్కడ ఇప్పుడు పెద్ద ఆనకట్ట ఉన్నది. నా చిన్నతనంలో ఆనకట్ట లేదు. ఏరూ, మడుగులూ, వాటిలో పుట్టే దోమలూ మాత్రం ఉండేవి.

నేను అయిదో తరగతి చదివేటప్పుడు నా పక్కన కూర్చునే కుర్రవాడికి చలిజ్వరం వచ్చింది. మధ్యాహ్నం బడిగంట కొట్టేవేళకు వాడి పళ్ళు టకటక కొట్టుకునేవి. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగేది కాదు. కాసేపటికి ఒళ్ళు కాలిపోయేది. తరువాత చెమటపోసి జ్వరం దిగిపోయేది. మరునాడు వాడు మాతో గోళీలు ఆడేవాడు. ఆ మరునాడు సరిగా అదే వేళకు మళ్ళీ వణుకు!

"ఈ జ్వరం రోజు విడిచి రోజు, వేళ తప్పకుండా ఎందుకు వస్తుందండీ?" అని మా అయ్యవారిని అడిగాను.

"దాని లెక్క దానికున్నదిరా" అన్నారాయన.

మాత్రలు మింగి వాడు కోలుకున్నాడు. వాడి చెల్లెలికీ అదే జ్వరం తగిలింది. మూడేళ్ళ పిల్ల. ఆ పిల్ల దక్కలేదు.

అయ్యవారు చెప్పిన ఆ లెక్క ఏమిటో నేను పెద్దవాడినయిన తరువాత తెలుసుకున్నాను. ఇప్పుడు మీకు చెబుతాను.

1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అల్జీరియా దేశంలో చలిజ్వరం రోగుల రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూచి, అందులో కదిలే ఒక పరాన్నజీవిని కనిపెట్టాడు. అది దోమలోకూడా పెరుగుతుందన్న సంగతి మన తెలుగునేలమీదనే బయటపడింది. 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదు దగ్గర బేగంపేటలో, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, రోగిని కుట్టిన దోమను కోసి చూచాడు. దాని పొట్టగోడలో ఆ పరాన్నజీవి పెరుగుతున్నది! ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. దోమచేత కుట్టించుకున్నందుకు, ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

సరే, దోమ కుట్టింది. తరువాత ఏమవుతుంది?

పరాన్నజీవులు ముందు మన కాలేయంలో చేరి, అక్కడ వారం రోజులపాటు పెరిగి, వేలకొద్దీ అవుతాయి. అప్పటిదాకా మనకు ఏ బాధా తెలియదు. పిమ్మట అవి రక్తంలోకి వచ్చి ఎర్రకణాలలో దూరుతాయి. ఒక్కొక్కటి కణంలోని ఎర్రని పదార్థాన్ని తిని, ఇంచుమించు 48 గంటలలో పదహారో, ఇరవయ్యో పిల్లలుగా విడిపోతుంది. అప్పుడు కణం పగులుతుంది. లక్షలాది కణాలు ఒకే వేళకు పగిలినప్పుడే మనకు వణుకు పుడుతుంది. 48 గంటలంటే రెండు రోజులు. మా అయ్యవారు చెప్పిన లెక్క ఇదే!

పగిలిన కణంనుంచి బయటపడ్డ పిల్లలు ఊరకుండవు. ఒకటి రెండు నిమిషాలలో కొత్త కణాలలో దూరి దాక్కుంటాయి. ఒక దొంగ ఇంట్లో దూరి లోపల గడియ వేసుకున్నాడనుకోండి. వీధిలో తిరిగే తలారికి వాడు కనబడడు. ఒక ఇల్లు విడిచి మరో ఇంట్లో దూరేటప్పుడే వాణ్ణి పట్టుకోవాలి. మన రక్తంలో తిరిగే తలారులను ప్రతిరక్షకాలంటారు. పరాన్నజీవి ఒంటిమీద ఉండే కొన్ని మాంసకృత్తులే ఆ దొంగ చేతిలోని తాళపుచెవులు. వాటితోనే అది ఎర్రకణం తలుపు తీస్తుంది.

తలారులు ఈ దొంగను పట్టగలరా? పట్టగలరని 1961లో తేలింది. ఆఫ్రికాలోని గాంబియాలో, చాలాసార్లు చలిజ్వరం వచ్చి తట్టుకున్న పెద్దల రక్తంనుంచి ప్రతిరక్షకాలను తీసి, జ్వరపడిన పసిపిల్లలకు ఇచ్చారు. కొద్ది రోజులలోనే వారి రక్తంలో పరాన్నజీవులు బాగా తగ్గిపోయాయి. కాని అటువంటి బలం దానంతటది రావాలంటే ఏళ్ళు పడుతుంది. పసివాళ్ళు అంతకాలం ఎలా ఆగగలరు? 2023లో ఈ జ్వరంతో ప్రపంచంలో 5 లక్షల 97 వేలమంది చనిపోయారని అంచనా. వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని అయిదేళ్ళలోపు పిల్లలు.

అందుచేత శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం ఆలోచించారు. దొంగను రానివ్వకుండా, వాడి తాళపుచెవిని మాత్రం ముందుగా తలారులకు చూపిస్తే? అదే టీకా.

ఢిల్లీలోని శాస్త్రజ్ఞులు అటువంటి రెండు మాంసకృత్తులను ఎంచి 'జైవాక్-1' అనే టీకా రూపొందించారు. దాన్ని హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసింది. 45 మంది ఆరోగ్యవంతులను తీసుకొని, 30 మందికి ఈ టీకా, 15 మందికి వేరొక టీకా వేశారు. ఫలితం 2015లో ప్రచురించారు. పెద్ద ప్రమాదమేదీ కలగలేదు. ఒక మాంసకృత్తిని తలారులు బాగా గుర్తుపట్టారు. రెండవదాన్ని సరిగా గుర్తుపట్టలేదు. పైగా ఈ దొంగ దగ్గర ఒక చెవి కాదు, ఒక గుత్తి ఉన్నది! ఒకటి పనిచేయకపోతే మరొకటి తీస్తాడు.

అయితే 2011లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఒక విశేషం కనుగొన్నారు. చలిజ్వరాలలో అన్నిటికన్న ప్రమాదమైన ఫాల్సిపారం రకానికి, 'ఆర్‌హెచ్5' అనే చెవి లేనిదే పని జరగదు. అది రూపం మార్చుకోవటంకూడా తక్కువే. దానితో చేసిన టీకాను బుర్కినా ఫాసో దేశంలో 5 నుంచి 17 నెలల పసివాళ్ళమీద పరీక్షించారు. మూడవ మోతాదును కొన్ని నెలలు ఆగి ఇచ్చినప్పుడు జ్వరాలు నూటికి 55 పాళ్ళు తగ్గినట్లు 2024లో ప్రకటించారు.

2021లోనూ, 2023లోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన రెండు టీకాలు దొంగను కాలేయం దగ్గరే అడ్డుకోవటానికి చేసినవి. వాటిని తప్పించుకొని రక్తంలోకి వచ్చినవాణ్ణి పట్టటానికే ఈ రెండవ కాపలా.

బడిలో 55 మార్కులు వస్తే ప్యాసే. కాని ఇక్కడ మిగిలిన 45లో ఒక మూడేళ్ళ పిల్ల ఉండవచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు ఇంకా పని మానలేదు. ఇతర చెవులనుకూడా వెతుకుతూనే ఉన్నారు.

అందాకా మన కాపలా మనమే కాయాలి. ఇంటిచుట్టూ నీరు నిలవనీయకండి. దోమతెర కట్టుకొని పడుకోండి. వణుకుతో జ్వరం వస్తే, "రేపు తగ్గుతుందిలే" అనుకోకుండా, వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి. రేపు తగ్గినట్లే ఉంటుంది. ఎల్లుండికి దొంగ మళ్ళీ వీధిలోకి వస్తాడు!