ఒక మంట – రెండు కుండలు



నిజాంసాగరు నీటి కింద, మహమ్మద్‌నగర్ ప్రాంతంలో వరి పండించే మనము, గట్టు తెగి మడిలో నీరు పోతూవుంటే చూస్తూ ఊరుకుంటామా? పార పట్టుకొని పరుగెత్తుతాం. మరి ఇంట్లో పొయ్యినుంచి వేడి రోజూ అట్లాగే పోతున్నది. ఆ గండి పూడ్చే ఉపాయం చెప్పుకుందాం.

గ్యాసు వచ్చిన ఇళ్లలో కూడా చాలాచోట్ల స్నానాలకు నీళ్లు కట్టెల పొయ్యిమీదనే కాగుతున్నవి. మూడు రాళ్ల పొయ్యిలో మంట నాలుగు పక్కలా పోతుంది. కుండకు తగిలేది కొంతే. కట్టెలు ఏరేదీ ఆడవారే, పొగ మింగేదీ వారే.

దీనికి మందు మన హైదరాబాదులోనే పుట్టింది. అక్కడి ఇంజనీరింగు పరిశోధనాశాలలో డాక్టరు ఎస్. పి. రాజు గారు పొగలేని మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకం ప్రకటించారు.

బంకమన్ను, వరి ఊక, పేడ కలిపి ఒకరోజు నానబెట్టండి. మంటగూడు కట్టి, దానిపై మొదటి కుండకు చోటు ఉంచండి. గూటి వెనుకనుంచి సొరంగం తీసి రెండవ కుండ కిందికి, అక్కడినుంచి పొగగొట్టానికి కలపండి. మొదటి కుండకు తగలగా మిగిలిన వేడి రెండవదానిలో నీళ్లు కాస్తుంది. కుండలు సందులేకుండా కూర్చోవాలి. గొట్టం కప్పు దాటవలెను. గడ్డికి, వాసాలకు తగలరాదు. బాగా ఆరిన తరువాతనే మంట పెట్టండి.

నేను మా ఇంట్లో మొదట గొట్టం పొట్టిగా పెట్టాను. పొగ తిరిగి ఇంట్లోకే వచ్చింది. మా అమ్మ ఏమీ అనకుండా పాత రాళ్లే తెచ్చి పెట్టుకొన్నది. గొట్టం పెంచినాకనే కొత్త పొయ్యి ఆమెదైంది.

1980 దశకంలో ప్రభుత్వము దేశమంతటా ఇటువంటి పొయ్యిలు పెట్టించింది. మసి తీయక, పగుళ్లు పూడ్చక అనేకం మూలపడ్డవి. కనుక వారం వారం మసి తీయండి. కట్టెలు ఎండినవే వాడండి; పచ్చికట్టె మంట ముందు తన తడినే కాచుకుంటుంది.

ఇక గడ్డిగంప. గంపలో ఎండు వరిగడ్డి జానెడు మందం దట్టించి, నడుమ గిన్నెకు గుంట ఉంచండి. నానిన బియ్యాన్ని, గంజి వార్చే పనిలేకుండా సరిపడే నీళ్లతో, పది నిమిషాలు తెర్లనివ్వండి. గిన్నె అడుగున నిప్పురవ్వ లేకుండా తుడిచి, మూత తీయక గంపలో దించి, గడ్డి, గోనెపట్టా కప్పండి. మిగిలిన ఉడుకు దానంతట అదే అవుతుంది. అన్నం వేడిగానే తినవలెను.

విస్తరణ కార్యకర్తలకు మనవి: ఒక ఇంట్లో రెండు పొయ్యిలమీద ఒకే కొలత నీళ్లు కాచి, కాలిన కట్టెలు తూచి చూపండి. మన మాటకంటె తక్కెడ గట్టిగా చెపుతుంది.