రహదారికి గండ్లు

బాటప్రక్క పొలమునకు ధర హెచ్చినదని విని సంతోషింపని రైతు లేడు. ఆ ధర వెంట వచ్చు చిక్కును గూర్చియు కొంచెము విచారింతము.

కాలువ సంగతి మీకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. ప్రధాన కాలువ గట్టునకు ఎవరి పొలమువద్ద వారు గండి కొట్టుకొనినచో చివరి ఆయకట్టునకు నీరందదు. కాలువను రెండింతలు వెడల్పు చేసినను, గండ్లును రెండింతలైనచో ప్రయోజనము లేదు. అందుచేతనే తూముల ద్వారా పిల్లకాలువలకును, అచ్చటనుండి బోదెలకును నీరు విడుతురు.

రహదారియు నిట్టిదే. బాట పొడవునను ఇండ్లు, అంగళ్లు, గిడ్డంగులు లేచి, ప్రతిదానికిని ద్వారము బాటమీదికే తెఱచినచో, ఒక్కొక్క ద్వారము ఒక్కొక్క గండి. అచ్చట ఒక లారీ మలుపు తిరుగుటకు ఆగినచో వెనుక వాహనములన్నియు ఆగును. దూరప్రయాణపు బస్సుకును, మన ధాన్యపు ట్రాక్టరుకును, బడికి పోవు పిల్లలకును అదియే దారి. రద్దీ హెచ్చినదని బాటను విస్తరింతురు. ఆ విస్తరించిన బాటప్రక్క మఱికొన్ని ప్లాట్లు వెలయును. కొన్ని యేండ్లకు మరల మొదటి యవస్థయే. కావున ఏ కట్టడమును ఎచ్చట నిలుపవలెనను విషయమును, రాకపోకల విషయమును కలిపి ఆలోచింపవలెను.

సహకారోద్యమమునకు పేరుగన్న డెన్మార్కు దేశము ఇందును మనకు పాఠము చెప్పుచున్నది. 1947లో దాని రాజధానియగు కోపెన్‌హాగెన్‌కు చేతి ఆకారముగల ప్రణాళిక సిద్ధపఱచిరి. పాతనగరము అఱచేయి; రైలుమార్గముల వెంబడి ఐదు వ్రేళ్లవలె క్రొత్తపేటలు; వ్రేళ్ల నడుమ పొలములు, అడవులు. 2007 నాటి నియమముల ప్రకారము, 1,500 చదరపు మీటర్లకు మించిన కార్యాలయములను సాధారణముగా రైలుస్టేషనుకు 600 మీటర్ల లోపలనే కట్టవలెను. అచ్చట రద్దీ పూర్తిగా తొలగలేదు. కాని అనేకులు కారు లేకయే పనికి పోగలుగుచున్నారు, నగరము చెంతనే సాగుభూమియు మిగిలియున్నది.

మన దేశమునను తూము పద్ధతి లేకపోలేదు. హైదరాబాదు చుట్టునున్న 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డుమీదికి నియమిత కూడళ్లయందే ప్రవేశము. స్థానికులకు ప్రక్కనే సర్వీసు రోడ్లు గలవు. జాతీయ రహదారిమీదికి అనుమతి లేక దారి తీయుటను 2002 నాటి చట్టము ఒప్పదు. బాటప్రక్క ముక్క కొనినవానికి ఈ సంగతి తరువాత తెలిసినచో, తగవు అమ్మిన రైతు ఇంటికే వచ్చును.

కావున సంఘసభ్యులకు మేము చెప్పునది యేమనగా: బాటప్రక్క భూమి అమ్మదలచువారు ముందుగా ఆ అనుమతి సంగతి విచారింపుడు. పొరుగువారితో కూడి లోపల ఒక దారి విడిచి, అందఱికిని ఒకే ద్వారముండునట్లు చూడుడు. సంఘపు గిడ్డంగిని రహదారి అంచున గాక, ఊరివైపు దారిలో, లారీలు నిలుచుటకు చోటుగల స్థలమున కట్టుడు. డొంకలను ఆక్రమణ కానీయకుడు. డొంక పోయినచో, ప్రక్కపొలమునకు పోవు ట్రాక్టరును రహదారి యెక్కును. ఊరు ఏ వైపునకు పెరుగవలెనో గ్రామసభలో ముందే నిశ్చయించుకొనుడు.

కాలువకు గండి కొట్టినవానిని ఊరంతయు నిలువదీయును. బాట విషయమునను ఆ కట్టుబాటు ఉండవలెను.